గ్రాఫ్ కింద ఆ ఒక్క పంక్తీ వేయండి

సంపాదకుల వారికి,

యుద్ధాల మీద ఏ కథనం వచ్చినా పక్కన ఒక గ్రాఫ్ ఉండటం ఇప్పుడు మామూలైంది. ఇది మంచి మార్పే. "హింస పెరుగుతోంది" అని ఊరికే రాసే కంటే ఎంత పెరిగిందో చూపడం మేలు. మా అభ్యంతరం గ్రాఫ్ మీద కాదు, దాని కింద ఉండాల్సిన పంక్తి లేకపోవడం మీద. ఆ అంకె ఎవరిది, దేన్ని ఘర్షణగా లెక్కించారు, కనీసం ఎంతమంది చనిపోతే లెక్కలోకి తీసుకున్నారు, కనిష్ఠ గరిష్ఠ అంచనాలు ఎంతెంత? ఈ వివరాలు లేకపోతే గ్రాఫ్‌ను ఎవరికి తోచినట్టు వాళ్లు చదువుకుంటారు. సాయుధ ఘర్షణల డేటాతో రోజూ పనిచేసేవాళ్లం కాబట్టి, ఆ పంక్తి అవసరమేమిటో కొంచెం వివరంగానే రాస్తున్నాం.

"2024లో ప్రపంచంలో 61 సాయుధ ఘర్షణలు, 1946 తర్వాత ఇదే అత్యధికం" అన్న వాక్యాన్నే తీసుకుందాం. ఇది స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయం నడిపే ఘర్షణల డేటా కార్యక్రమం, అంటే యూసీడీపీ, ఇచ్చిన లెక్క. అంకెలో తప్పేమీ లేదు. కానీ ఆ 61లో చేరాలంటే మూడు షరతులున్నాయి. ఒక పక్షమైనా ఏదో ఒక దేశ ప్రభుత్వమై ఉండాలి. తగాదా అధికారం కోసమో భూభాగం కోసమో అయి ఉండాలి. ఆ క్యాలెండర్ సంవత్సరంలో రెండు పక్షాల పోరులో కనీసం 25 మంది చనిపోయి ఉండాలి. పాతిక మంది చనిపోయిన ఘర్షణా ఒకటే, యాభై వేల మంది చనిపోయిన ఘర్షణా ఒకటే. ఒక దేశంలో మూడు ప్రాంతాల కోసం మూడు వేర్వేరు పోరాటాలు నడుస్తుంటే అవి మూడు ఘర్షణలు. ఆ 61 ఘర్షణలూ జరిగింది 36 దేశాల్లో. కాబట్టి "61 దేశాల్లో యుద్ధం" అని రాస్తే తప్పు. "61 యుద్ధాలు" అన్నా తప్పే, ఎందుకంటే అదే సంస్థ యుద్ధం అనే మాటను ఏడాదికి కనీసం 1,000 పోరు మరణాలు ఉన్నవాటికే వాడుతుంది.

ఇంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. యూసీడీపీ హింసను మూడు గంపలుగా విడదీస్తుంది: ప్రభుత్వం ఒక పక్షంగా ఉన్న పోరు, ప్రభుత్వ ప్రమేయం లేకుండా సాయుధ ముఠాల మధ్య జరిగే పోరు, నిరాయుధులైన పౌరులను ఏకపక్షంగా చంపడం. 1994 రువాండా నరమేధం మూడో గంపలోకి వస్తుంది. మొదటి గంప మాత్రమే గీసిన గ్రాఫ్‌లో 1994 దగ్గర పెద్ద శిఖరమేదీ కనబడదు. మూడూ కలిపితే మాత్రం, 1989 నుంచి నేటి దాకా ఆ ఏడాదిని మించింది లేదు. పత్రికలో వచ్చిన గ్రాఫ్ ఏ గంపదో చెప్పకపోతే, చదివేవారు లక్షల మంది హత్యను చూడకుండానే పేజీ తిప్పేస్తారు.

నిర్వచనం మారితే చరిత్ర కూడా మారినట్టు కనబడుతుంది. అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ సింగర్ 1963లో మొదలుపెట్టిన 'కోరలేట్స్ ఆఫ్ వార్' ప్రాజెక్టు 1816 నుంచి లెక్కలు కట్టింది. దాని గీటు 1,000 పోరు మరణాలు. పాతిక గీటుతో చేసిన డేటాను దాని పక్కన అతికించి రెండు శతాబ్దాల గీత లాగితే, అతుకు దగ్గర యుద్ధాలు ఒక్కసారిగా ఎగబాకినట్టు కనబడుతుంది. అక్కడ పెరిగింది యుద్ధాలు కావు, జల్లెడ కన్నాలు మారాయంతే.

ఇక డేటా పట్టికలో ఒక్క వరుస ఎలా పుడుతుందో చూడండి. ఒక కొండ ప్రాంతంలో సైన్యానికీ తిరుగుబాటుదారులకూ కాల్పులు జరిగాయనుకుందాం. మొదటి రోజు వార్తాసంస్థ "కనీసం 10 మంది మృతి" అంటుంది. మర్నాడు సైనిక ప్రతినిధి 23 మంది తిరుగుబాటుదారులను చంపామనీ, తమవాళ్లు ఇద్దరు పోయారనీ ప్రకటిస్తాడు. తిరుగుబాటుదారులు తమవైపు నలుగురే పోయారనీ, సైనికులు 15 మంది చచ్చారనీ అంటారు. మూడో రోజు స్థానిక రేడియో ఆసుపత్రి వర్గాలను ఉటంకిస్తూ 14 శవాలు వచ్చాయనీ, వాటిలో ఐదు పౌరులవనీ చెబుతుంది. ఈ నాలుగు కథనాలనూ ఒకే సంఘటనగా గుర్తించడం కోడర్, అంటే కథనాలు చదివి డేటా నింపే మనిషి, చేయాల్సిన మొదటి పని. తర్వాత కనిష్ఠం 10, మెరుగైన అంచనా 14, గరిష్ఠం 25 అని మూడు గడులు నింపుతాడు. రెండు పక్షాలూ ఎదుటివాళ్ల మరణాలను పెంచి, తమవాటిని తగ్గించి చెప్పడం మామూలు కాబట్టి, సొంత గొప్ప కోసం చెప్పిన అంకెలు ఎక్కువగా గరిష్ఠం గడిలోకే పోతాయి. ఐదుగురు పౌరుల సంగతి వేరే గడిలో. పత్రికల దాకా వచ్చేది మాత్రం ఆ నడిమి అంకె ఒక్కటే. మిగతా రెండూ దారిలోనే రాలిపోతాయి.

కథనంలో అంకె లేకుండా "డజన్ల కొద్దీ", "వందలాది" అని మాత్రమే ఉంటే? కొన్ని డేటాసెట్ల కోడ్‌బుక్‌లో, అంటే నమోదు నియమాల పుస్తకంలో, దానికీ ముందే నియమం ఉంటుంది. "డజన్లు" అంటే 12, "వందలు" అంటే 100 అన్న మాదిరిగా, అతి తక్కువగా తీసుకుంటారు. అందుకే ఏ పెద్ద డేటాసెట్‌లోనైనా మరణాల గడి పంపిణీ గీసి చూస్తే 10, 12, 50, 100 దగ్గర అసహజమైన దిబ్బలు కనబడతాయి. విశ్లేషణ మొదలుపెట్టే ముందు ఈ దిబ్బలు చూడని పరిశోధకుడు తర్వాత ఎంత గొప్ప మోడల్ వేసినా లాభం లేదు.

తేదీ సంగతి మరీ మోసకరం. ఒక మానవహక్కుల నివేదిక "గత మూడు నెలల్లో 400 మంది చనిపోయారు" అంటుంది. దాన్ని ఒకే వరుసగా రాసి, ప్రారంభ తేదీ, ముగింపు తేదీ రెండూ నమోదు చేస్తారు. డేటా వాడేవారు తొందరలో ముగింపు తేదీ ఒక్కటే తీసుకుని రోజువారీ గ్రాఫ్ గీస్తే, ఆ చివరి రోజున 400 మంది ఊచకోతకు గురైనట్టు ఒక మేకు నిలబడుతుంది. ఆ రోజు ఏం జరిగిందో తెలుసుకోవడానికి మనుషులు పాత పేపర్లు తిరగేస్తారు. ఏమీ దొరకదు. యూసీడీపీ సంఘటనల డేటాలో తేదీ ఎంత కచ్చితమో చెప్పే గడి ఉంది, 1 నుంచి 5 దాకా. వారంవారీ విశ్లేషణకు 4, 5 ఉన్న వరుసలను, అంటే ఏ వారమో కూడా తెలియనివాటిని, పక్కన పెట్టాలి, లేదా ఆ మరణాలను మొత్తం వ్యవధిలో పరచాలి. రెండు రకాలుగానూ చేసి చూసి, ఫలితం ఎంత కదిలిందో చెప్పడం ఇంకా మంచిది.

స్థలానికీ అలాంటి గడే ఉంది, 1 నుంచి 7 దాకా. 1 అంటే ఊరి పేరు తెలుసు. 2 అంటే ఆ చుట్టుపక్కల పాతిక కిలోమీటర్లలో. 3 అంటే జిల్లా స్థాయి, 4 అంటే రాష్ట్ర స్థాయి, 6 అంటే దేశం పేరు తప్ప ఏమీ తెలియదు. అయినా ప్రతి వరుసకూ ఒక అక్షాంశం, ఒక రేఖాంశం ఉంటాయి. జిల్లా పేరే తెలిసినప్పుడు జిల్లా మధ్య బిందువునో ముఖ్య పట్టణాన్నో ఇస్తారు. ఇదంతా చూడకుండా మ్యాప్ మీద చుక్కలు పెడితే, తుపాకీ మోతే వినని జిల్లా కేంద్రం ఎర్రగా మండిపోతుంది. అలాగని 1, 2 ఉన్నవే ఉంచుకుని మిగతావి తీసేస్తే సరిపోతుందా అంటే, అదీ కాదు. విలేకరి చేరలేని మారుమూల చోట్ల జరిగినవాటికే స్థలం అస్పష్టంగా ఉంటుంది. వాటిని తీసేస్తే మారుమూల ప్రాంతాల మృతులే లెక్కలోంచి పోతారు. శుభ్రం చేయడం కూడా ఒక పక్షపాతమే అవుతుంది. ఏవి తీసేశారో, తీసేసినవాటిలో ఎన్ని మరణాలున్నాయో రాయడమే దీనికున్న మందు.

మనుషులు చదివి కోడ్ చేసే డేటా ఇది. యంత్రాలు చదివి కోడ్ చేసేవి వేరే ఉన్నాయి. 1979 నుంచి వచ్చిన వార్తలను తవ్వి, కోట్ల కొద్దీ వరుసలు తయారుచేసిన జీడెల్ట్ వాటిలో ప్రసిద్ధం. కోట్ల వరుసలు అనగానే నమ్మకం కలుగుతుంది కానీ, ఒకే సంఘటన గురించి వందల కథనాలు వస్తే అవి విడివిడి వరుసలుగా చేరే ప్రమాదం అక్కడుంది. 2014 ఏప్రిల్‌లో నైజీరియాలోని చిబోక్‌లో బడిపిల్లలను ఎత్తుకుపోయిన తర్వాత, ఒక అమెరికన్ వార్తా వెబ్‌సైట్ ఈ డేటాతోనే ఆ దేశంలో కిడ్నాపుల మ్యాప్, గ్రాఫ్ వేసింది. అందులో చూపినవి కిడ్నాపులు కావనీ, కిడ్నాపుల గురించిన వార్తలనీ నిపుణులు ఎత్తిచూపితే దిద్దుకోవలసి వచ్చింది. ప్రపంచ మీడియా చూపు ఒక చోటికి మళ్లినప్పుడల్లా ఇలాంటి డేటాలో "హింస" పెరుగుతుంది. ఇంత పెద్ద డేటాలో యాదృచ్ఛిక దోషం తగ్గుతుంది. ఒకే వైపు లాగే దోషం రవ్వంత కూడా తగ్గదు, పైగా పొరపాటు అంచనాకే చుట్టూ ఇరుకైన విశ్వాస అంతరం (అసలు విలువ ఈ హద్దుల మధ్య ఉండవచ్చని లెక్క చెప్పే పరిధి) వచ్చి, అది మరింత నిజంలా కనబడుతుంది. పెద్ద డేటాతో ఉన్న అసలు ప్రమాదం ఇదే.

సెల్‌ఫోన్ల మీద జరిగిన చర్చ దీనికి మంచి ఉదాహరణ. ఆఫ్రికాలో సెల్‌ఫోన్ సిగ్నల్ ఉన్నచోట హింస ఎక్కువగా జరుగుతోందని 2013లో ఒక అధ్యయనం చెప్పింది. ఫోన్లు తిరుగుబాటుదారులకు కూడబలుక్కోవడానికి పనికొస్తాయన్నది అందులోని వాదన. వినడానికి సబబుగానే ఉంది. కానీ సిగ్నల్ ఉన్నచోట జరిగిన సంఘటన విలేకరికి తెలుస్తుంది, లేనిచోటిది తెలియదు. అఫ్గానిస్తాన్‌లో సైన్యం సొంతంగా రాసుకున్న సంఘటనల రికార్డులను మీడియా ఆధారిత డేటాతో పోల్చి చూసిన మరో పరిశోధన, సిగ్నల్ ఉన్న ప్రాంతాల సంఘటనలు వార్తల్లోకి ఎక్కే అవకాశం ఎక్కువని 2016లో చూపింది. అంటే ఆ సంబంధంలో కొంత భాగం హింసది కాదు, కబురుది. రోడ్లు, పట్టణాలు, ఇంటర్నెట్, విదేశీ విలేకరుల కార్యాలయాలు, వీటిలో దేన్ని హింసకు "కారణం"గా నిలబెట్టాలన్నా ముందు ఈ ప్రశ్న దాటాలి: ఇది హింసను పెంచిందా, హింస వార్తగా మారే అవకాశాన్ని పెంచిందా?

లెక్కపెట్టే సంస్థే పద్ధతి మార్చుకున్నప్పుడు కూడా గీత వంగుతుంది. మేరీలాండ్ విశ్వవిద్యాలయం వారి ప్రపంచ ఉగ్రవాద డేటాబేస్ 1970 నుంచి మొదలవుతుంది. అందులో 1993 సంవత్సరం లేదు, తొలి సేకరణ సమయంలోని ఆ ఏడాది రికార్డులు పోయాయి. గ్రాఫ్ సాఫ్ట్‌వేర్‌కు ఆ సంగతి తెలియదు. 1992 నుంచి 1994కు గీత కలిపేస్తుంది, లేదా 1993లో సున్నా చూపుతుంది. 2012 నుంచి సేకరణ పద్ధతి మారి ఎక్కువ సంఘటనలు పట్టుబడ్డాయి. ఆ తర్వాతి పెరుగుదలలో కొంత సేకరణ మెరుగైనందువల్ల కావచ్చని ఆ సంస్థే హెచ్చరించింది. ఆ హెచ్చరిక వేసిన పత్రికలు మాకు పెద్దగా కనబడలేదు.

ఇక అసలు ప్రశ్న. నమోదు కాని మృతుల సంగతేమిటి? వాళ్లను ఊహించడానికి గణాంక శాస్త్రంలో ఒక పద్ధతి ఉంది. చెరువులో చేపల సంఖ్య తెలుసుకోవడానికి వాడే ఉపాయమే, మనుషులకూ వాడారు. ఒకే ప్రాంతంలో, ఒకే కాలంలో చనిపోయినవారి పేర్లను రెండు సంస్థలు విడివిడిగా సేకరించాయనుకోండి. మొదటి జాబితాలో 300 పేర్లు, రెండోదానిలో 200, రెండింటిలోనూ ఉన్నవి 60. రెండో జాబితాలోని 200 మందిలో 60 మంది, అంటే నూటికి 30 మంది, మొదటి జాబితాకు చిక్కారు. అదే లెక్కన మొత్తం మృతుల్లోనూ నూటికి 30 మందే మొదటి జాబితాకు చిక్కి ఉండాలి. 300 అన్నది 30 శాతమైతే మొత్తం 1,000. రెండు జాబితాలూ కలిపినా పేర్లు 440 మాత్రమే. మిగతా 560 మంది ఎవరి జాబితాలోనూ లేరు.

ఇది ఎక్కడ బెసుకుతుందో కూడా చెప్పాలి. రెండు జాబితాలూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా తయారై ఉండాలన్నది మూలసూత్రం. రెండు సంస్థల వాళ్లూ రోడ్డు పక్క ఊళ్లకే వెళ్లి ఉంటే ఉమ్మడి పేర్లు 60కి బదులు 100 అవుతాయి, అంచనా 600కు పడిపోతుంది. తిరగబడితే ఇంకో రకం. ప్రార్థనా మందిరానికి సాక్ష్యం చెప్పిన కుటుంబం ప్రభుత్వ కార్యాలయం గడప తొక్కకపోతే, ఉమ్మడి పేర్లు తగ్గి అంచనా ఉబ్బుతుంది. పేర్లు జతపరచడం అన్నిటికన్నా కష్టం. ఒకే మనిషి పేరు ఒక జాబితాలో ఇంటిపేరుతో, మరోదానిలో తండ్రి పేరుతో ఉంటుంది, స్పెల్లింగ్ మారుతుంది, చనిపోయిన తేదీ రెండు రోజులు అటూ ఇటూ అవుతుంది. 60 నిజమైన జతల్లో 20 గుర్తుపట్టలేకపోయామనుకోండి. ఉమ్మడి 40, అంచనా 1,500. అంటే గుమాస్తా పనిలో జరిగిన పొరపాటు 500 మంది మృతులను సృష్టించింది. అందుకే ఈ పనిలో ఎక్కువ సమయం మోడల్‌కు కాదు, జతలు చూడటానికి పడుతుంది. ఒకే జతను ఇద్దరు విడివిడిగా చూసి తీర్పు చెబుతారు. వాళ్ల తీర్పులు ఎన్నిసార్లు కలిశాయో లెక్కగడతారు. అది తక్కువగా ఉంటే నియమాలు తిరగరాసి మళ్లీ మొదలుపెడతారు.

మూడు జాబితాలుంటే పరిస్థితి మెరుగు. ఎవరు ఏయే జాబితాల్లో ఉన్నారన్నదాన్ని బట్టి ఏడు గడులు నిండుతాయి, దేనిలోనూ లేనివారి ఎనిమిదో గడిని అంచనా వేయాలి. జాబితాల మధ్య సంబంధాన్ని కూడా మోడల్‌లో పెట్టవచ్చు. పెరూ సత్య సయోధ్య కమిషన్‌కు గణాంక నిపుణుడు పాట్రిక్ బాల్ బృందం 2003లో ఇదే చేసింది. కమిషన్ దగ్గర నమోదైన మరణాలు, అదృశ్యాలు 23,969. అంచనా 69,280, విశ్వాస అంతరం 61,007 నుంచి 77,552. బాధితుల్లో నూటికి 75 మంది కెచువా, ఇతర స్థానిక భాషలు మాట్లాడేవారు. రాజధాని లిమాకు వాళ్ల చావు కబురు చేరకపోవడంలో ఆశ్చర్యం లేదు. అయితే 2019లో మరో పరిశోధకుడు అదే డేటాను తిరిగి విశ్లేషించి సుమారు 48,000 అన్నాడు. షైనింగ్ పాత్ తిరుగుబాటుదారులు చంపినవారి విషయంలో జాబితాల మధ్య ఉమ్మడి పేర్లు మరీ తక్కువగా ఉండి, మొదటి బృందం పరోక్ష పద్ధతి వాడాల్సి వచ్చింది. వివాదమంతా అక్కడే. తొలి బృందం వారు దానికి జవాబిచ్చారు. ఈ తగువును మేము లోపంగా చూడటం లేదు. జాబితాలు, పద్ధతి బయటపెట్టారు కాబట్టే పదహారేళ్ల తర్వాత కూడా ఒకరు వచ్చి పరీక్షించగలిగారు.

సూడాన్ విషయంలో ఈ పద్ధతే ఇటీవల కళ్లు తెరిపించింది. 2023 ఏప్రిల్‌లో యుద్ధం మొదలయ్యాక తొలి 14 నెలల్లో ఒక్క ఖార్టూమ్ రాష్ట్రంలోనే అన్ని కారణాలవల్లా 61,000 మందికి పైగా, అందులో హింస వల్ల 26,000 మంది చనిపోయారని లండన్ పరిశోధకులు 2024 నవంబర్‌లో అంచనా వేశారు. అదే కాలానికి సంఘటనలు లెక్కపెట్టే ఆక్లెడ్ సంస్థ దేశం మొత్తానికి నమోదు చేసినవి 20,178. ఆక్లెడ్ తప్పు చేసిందని దీనర్థం కాదు. అది నమోదైనవాటిని లెక్కపెడుతుంది, ఆ సంగతి అదే చెబుతుంది. దాని అంకెను "సూడాన్ మృతుల సంఖ్య" అని రాసేది మనం.

అలాగని ప్రతిసారీ అసలు సంఖ్య ఎక్కువే ఉంటుందని కూడా అనుకోవద్దు. బోస్నియా యుద్ధంలో రెండు లక్షలు, రెండున్నర లక్షలు అన్న అంకె చాలాకాలం చలామణి అయింది. పేరు పేరునా లెక్కపెట్టిన సారాయేవో పరిశోధన కేంద్రం 2007లో 97,207 అని తేల్చింది. ఆ యుద్ధ నేరాలను విచారించిన హేగ్ ట్రిబ్యునల్ జనాభా నిపుణుల అంచనా 1,04,732. రెండు బృందాల పద్ధతులూ వేరు, ఫలితాలు దాదాపు కలిశాయి. తేలిన అంకె ఆ నేరాల తీవ్రతను తగ్గించలేదు, కోర్టులో నిలబడేలా చేసింది.

ఇంటింటి సర్వే మూడో దారి. ఇరాక్‌లో 2006లో 47 చోట్ల 1,849 ఇళ్లు తిరిగి చేసిన సర్వే యుద్ధం వల్ల అదనంగా 6,54,965 మంది చనిపోయారంది, అంతరం 3,92,979 నుంచి 9,42,636. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఇరాక్ ప్రభుత్వం కలిసి 9,345 ఇళ్లలో చేసిన సర్వే దాదాపు అదే కాలానికి హింసాత్మక మరణాలు 1,51,000 అంది, అంతరం 1,04,000 నుంచి 2,23,000. ఈ రెండింటినీ పక్కపక్కన వేసి "ఎవరిది నిజం" అన్న శీర్షిక పెట్టే ముందు, మొదటిది అన్ని కారణాల అదనపు మరణాలదనీ రెండోది హింసాత్మక మరణాలదనీ చూడాలి. మొదటి సర్వే చెప్పిన హింసాత్మక మరణాలు 6,01,027, కాబట్టి వాటినే పోల్చినా తేడా దాదాపు నాలుగు రెట్లు. ఎందుకు? ఒకే చోట వరుసగా 40 ఇళ్లు అడిగితే 40 వేర్వేరు సమాచారాలు రావు. బాంబు ఒక వీధి మీద పడుతుంది, ఆ వీధి దొరికితే అంచనా ఎగురుతుంది, దొరక్కపోతే పడుతుంది. ఇళ్లు ఎంచుకున్న తీరు వల్ల పెద్ద వీధుల వైపు మొగ్గు ఏర్పడిందన్న విమర్శ వచ్చింది. మరోవైపు, ప్రభుత్వం తరఫున వచ్చి తలుపు తట్టినవారికి అందరూ నిజం చెబుతారన్న నమ్మకమూ లేదు. సర్వే వార్తలో ఎన్ని ఇళ్లు అన్నది వేస్తున్నారు. ఎన్ని చోట్ల అన్నది దానికన్నా ముఖ్యం.

"ప్రపంచం శాంతి వైపు నడుస్తోందా" అన్న పెద్ద ప్రశ్నకు వస్తే, దాన్ని లెక్కల్లో పెట్టిన తొలివాళ్లలో ఒకరు లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్. బ్రిటిష్ వాతావరణ శాస్త్రవేత్త, యుద్ధాన్ని వ్యతిరేకించే క్వేకరు క్రైస్తవ శాఖకు చెందినవాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో అంబులెన్సు దళంలో పనిచేశాడు. 1920లో వాతావరణ కార్యాలయాన్ని వైమానిక మంత్రిత్వ శాఖ కిందికి తెస్తే ఉద్యోగం వదిలేశాడు. ఒక్క హత్య నుంచి ప్రపంచ యుద్ధం దాకా ప్రాణాంతకమైన ప్రతి తగాదాను, భూకంపాలను కొలిచినట్టే, మృతుల సంఖ్య లాగరిథమ్‌తో కొలిచాడు. పది లక్షలు చనిపోతే తీవ్రత 6, కోటి మంది అయితే 7. ఆయన పట్టికలో రెండు ప్రపంచ యుద్ధాల మరణాలే మొత్తంలో సగానికి పైగా ఉన్నాయి. యుద్ధాలు మొదలయ్యే సంవత్సరాలేమో దాదాపు పాచికల లెక్కనే పాటించాయి.

ఆయన చూపిన ఆ పంపిణీ ఇప్పటికీ మన సగటులన్నిటినీ పనికిరాకుండా చేస్తుంది. 1823 నుంచి 2003 దాకా దేశాల మధ్య జరిగిన 95 యుద్ధాలను ఆరన్ క్లాసెట్ అనే పరిశోధకుడు 2018లో విశ్లేషించాడు. పెద్ద యుద్ధాల భాగంలో ఘాతాంకం 1.53 అని తేలింది. మామూలు మాటల్లో చెప్పాలంటే, యుద్ధం పది రెట్లు పెద్దదయ్యే అవకాశం పదో వంతుకు కాదు, దాదాపు మూడో వంతుకే తగ్గుతుంది. ఇలాంటి పంపిణీకి స్థిరమైన సగటు ఉండదు. మరో యుద్ధం చేరగానే సగటు ఎక్కడికో పోతుంది. 1945 తర్వాతి ప్రశాంతత కూడా అటువంటి యాదృచ్ఛిక క్రమంలో రాగలిగినదేననీ, అది నిజమైన మార్పని గణాంకాల ప్రకారం చెప్పాలంటే ఇంకో 100 నుంచి 140 ఏళ్లు ఇలాగే సాగాలనీ ఆయన లెక్క. శాంతి పెరగలేదని ఆయన అనలేదు. పెరిగిందని ఈ డేటా ఒక్కటే రుజువు చేయలేదన్నాడు. పదేళ్ల గ్రాఫ్ చూపి "శాంతియుగం ముగిసింది" అని రాసేవారూ, ముప్పై ఏళ్ల గ్రాఫ్ చూపి "యుద్ధాలు అంతరిస్తున్నాయి" అని రాసేవారూ ఈ ఒక్క ఫలితం దగ్గర ఆగి చూడాలి.

యుద్ధాన్ని ముందే పసిగట్టే మోడల్ అని వార్తలు వస్తుంటాయి కాబట్టి దాని గురించీ కాస్త. వెయ్యి ప్రాంతాల్లో పది చోట్ల హింస చెలరేగుతుందనుకోండి. ఎక్కడా ఏమీ జరగదని చెప్పే మోడల్ కూడా 99 శాతం సరైనదే. ఇంకో మోడల్ హింస జరిగే చోట్లలో 90 శాతం పట్టుకుంటుంది, జరగని చోట్లను 90 శాతం సరిగ్గా వదిలేస్తుంది అనుకుందాం. అది 9 నిజమైన హెచ్చరికలు ఇస్తుంది, వాటితోపాటు 990లో 99 ఉత్తుత్తి హెచ్చరికలు. మొత్తం 108 హెచ్చరికల్లో నిజమయ్యేవి నూటికి ఎనిమిది. కాబట్టి "90 శాతం కచ్చితత్వం" అని ఎవరైనా చెబితే, హెచ్చరించినవాటిలో ఎన్ని నిజమయ్యాయి అని అడగండి. గత నెల అంకెనే ఈ నెలకూ రాసేసే మోటు అంచనా కన్నా ఎంత మెరుగు అని కూడా అడగండి. ఘర్షణ ఉన్నచోటే ఘర్షణ కొనసాగుతుంది కాబట్టి ఆ మోటు అంచనాను దాటడం చాలా కష్టం. శిక్షణకు, పరీక్షకు డేటాను కాలక్రమంలో విడగొట్టారా, కలగలిపి తీశారా అన్నదీ తేల్చుకోవాలి. పక్కపక్క నెలలు ఒకేలా ఉంటాయి, కలగలిపితే మోడల్‌కు జవాబు ముందే తెలిసిపోతుంది.

మేము అడుగుతున్నది చిన్న అక్షరాల్లో ఒక పంక్తి. ఉదాహరణకు: "ఆధారం: యూసీడీపీ, ప్రభుత్వం ఒక పక్షంగా ఉన్న ఘర్షణలు మాత్రమే, ఏడాదికి కనీసం 25 పోరు మరణాలు, నమోదైన మరణాలు, మెరుగైన అంచనా, నీడ వేసిన భాగం కనిష్ఠ గరిష్ఠాలు." దీనికి తోడు అది ఏ విడుదల (వెర్షన్) డేటానో తెలిపే సంఖ్య. రెండు వేర్వేరు సంస్థల అంకెలను ఒకే గీతగా కలపకండి. రెండు గీతలు వేయండి, మధ్య ఖాళీని పాఠకుడికి చూపండి. జరుగుతున్న యుద్ధమైతే "ఇప్పటికి నమోదైనవి" అన్న మాట శీర్షికలోనే ఉండాలి. అంచనాలు వాడినప్పుడు అంతరం లేకుండా అంకె ఒక్కటే వేయకండి.

ఇంకొక్క సంగతి. ఈ సంస్థలు ఏటా కొత్త విడుదలతో పాటు పాత సంవత్సరాల అంకెలు కూడా సవరిస్తాయి. సామూహిక సమాధి బయటపడుతుంది, కోర్టు తీర్పు వస్తుంది, ఊరివాళ్లు నోరు విప్పుతారు, ఐదేళ్ల కిందటి గడి మారుతుంది. నిన్నమొన్నటి నెలల అంకెలు అన్నిటికన్నా అసంపూర్ణంగా ఉంటాయి కాబట్టి గీత కొసన కనబడే తగ్గుదల చాలాసార్లు తగ్గుదల కాదు, ఇంకా చేరని సమాచారం. అందుకని నిరుటి గ్రాఫ్‌కు ఈ ఏడాది చుక్క తగిలించకుండా, కొత్త విడుదల నుంచి మొదటి సంవత్సరం దగ్గర్నుంచీ గీత మళ్లీ గీయించండి.

ఇట్లు,
సాయుధ ఘర్షణల గణాంకాలపై పనిచేసే కొందరు పాఠకులు